కాళ్ళ కింది నీళ్ళు

2001 వేసవిలో మా పెరట్లో కరివేపాకు మొక్క పెడదామని గుంత తవ్వుతుంటే గడ్డపారకు ఇనుము తగిలింది. సన్నీవేల్‌లో ఆ ఇల్లు కొని అప్పటికి రెండేళ్ళు. మట్టి తీసిన కొద్దీ ఒక గుండ్రటి గొట్టం అంచు బయటపడింది. అడుగు వెడల్పు ఉంటుంది. మురుగు పైపుకు చిల్లు పెట్టానేమోనని కంగారుపడి పక్కింటి పెద్దాయన్ని పిలిచాను. ఆయన తాతలు క్రొయేషియా నుంచి వచ్చి ఇక్కడ తోటలు వేసుకున్నవాళ్ళు. వంగి చూసి, "ఇది మా నాన్న తవ్వించిన బావి" అన్నాడు. మా వీధీ, వెనక వీధీ, వాటి అవతల ఉన్న పిల్లల బడీ అన్నీ కలిపి ఒకప్పుడు వాళ్ళ ప్రూన్ తోట అట. యాభైల్లో ఇళ్ళు కట్టేవాళ్ళకు అమ్మేశారు. బావి మీద నాలుగు పలకలు పడేసి, పైన మట్టి పోసి, గడ్డి వేసేశారు.

ఈ జిల్లాలో పాడుబడ్డ బావిని అలా వదిలేయకూడదు. నీటి శాఖకు తెలియజేస్తే, వాళ్ళ అనుమతితో లైసెన్సు ఉన్నవాళ్ళు వచ్చి అడుగు దాకా సిమెంటు దిగ్గొట్టి మూశారు. ఎందుకింత హడావిడి అని అడిగితే, పైనున్న కల్మషం భూగర్భంలోకి పోవడానికి పాత బావి రాచబాట లాంటిదని చెప్పారు. కరివేపాకు మొక్క మరో మూలకు పోయింది. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఇన్ని వందల ఎకరాల తోటలు తడిపిన ఆ నీళ్ళు ఏమయ్యాయి? నేను చరిత్రకారుణ్ణి కాను. చిప్పుల్లో లోపాలు వెతికే ఉద్యోగం చేసుకున్నవాణ్ణి. కానీ ఆ ప్రశ్న వెంటపడి శనివారాలు లైబ్రరీలో పాత మ్యాపులూ, ప్రభుత్వ నివేదికలూ తిరగేయడం అలవాటైపోయింది. ఇక్కడ రాస్తున్నది ఆ శనివారాల ఫలితమే.

శాంటా క్లారా లోయను ఇప్పుడు అందరూ సిలికాన్ వ్యాలీ అంటారు. ఆ పేరు అచ్చులో కనబడింది 1971లో. అంతకుముందు దీని ముద్దుపేరుకి తెలుగు చేస్తే 'హృదయానందపు లోయ' అవుతుంది. ప్రూన్లు, ఏప్రికాట్లు, చెర్రీలు ఇక్కడి పంట. మన భాషలో చెప్పాలంటే ఆల్‌బుఖారా, ఖుబానీ. ఖుబానీ కా మీఠా తిని పెరిగిన మా హైదరాబాదు వైపువాళ్ళకు ఏప్రికాట్ కొత్త కాదు గానీ, అది చెట్టుకు కాస్తుండగా నేను మొదటిసారి చూసింది మాత్రం ఇక్కడే. 1856లో పెలియే అనే ఫ్రెంచి అన్నదమ్ములు ప్రూన్ అంట్లు తెప్పించి నాటారు. ఆ తర్వాత ఇక లోయంతా తోటలే.

తోటలకంటే ముందు వచ్చింది బావి. 1854లో శాన్ హోజేలో ఒక బావి దించితే నీళ్ళు వాటంతట అవే పైకి పొంగాయి. మోట లేదు, తోడే పని లేదు. ఆ వార్త పాకిపోయి 1865 నాటికి ఈ లోయలో ఇలాంటి పొంగు బావులు ఐదు వందలకు దగ్గరపడ్డాయి. చాలావాటికి మూత కూడా ఉండేది కాదు. రాత్రింబవళ్ళు పారి వృథాగా కాలవల్లో కలిసేవి. తరగని నిధి దొరికిందనుకున్నారు.

నిధికి తాళం ఎక్కడుందో ఇంజనీరు బుర్రకు అర్థం కావడానికి నాకు కొంత కాలం పట్టింది. రెండు వైపులా కొండలు, మధ్యలో ఒండ్రు నేల. కొండవాగులు లోయలోకి దిగే అంచుల్లో కంకర పరచుకుని ఉంటుంది. వాన నీళ్ళు ఇంకేది ముఖ్యంగా అక్కడే. లోయ నడిమధ్యలో ఇసుక, కంకర పొరల మీద మందమైన బంకమట్టి పొరలు మూతల్లా కూర్చున్నాయి. అంచుల్లో ఇంకిన నీరు ఆ మూతల కిందికి చేరి ఒత్తిడితో నిలుస్తుంది. అందుకే చిల్లు పెడితే పొంగింది. అంటే లోయ మధ్యలో తోడుకునే నీటికి వడ్డీ కట్టేది కొండ అంచు కంకర నేల. ఆ నేల మీద ఏం కడుతున్నామన్నది మధ్యలో ఉన్నవాడికి పట్టదు.

బావులు పొంగడం మానేశాక పంపులు వచ్చాయి. 1920 నాటికి లోయలోని తోటల్లో పదింట తొమ్మిదింటికి బావి నీరే ఆధారం. ఏటా సుమారు 1,700 కొత్త బావులు తవ్వేవారు. గమనించండి, అప్పటికి ఇక్కడ చెప్పుకోదగ్గ నగరమే లేదు. లోయ మొత్తం జనాభా లక్షకు అటూఇటూ. కాబట్టి 'నగరం వచ్చి రైతు నీళ్ళు తాగేసింది' అన్న కథ, నేను మొదట్లో రాయాలనుకున్న కథ, నిజం కాదు. మొదటి సగం తాగింది రైతే. మా పక్కింటాయన ఈ మాట ఒప్పుకోవడానికి ఇష్టపడేవాడు కాదు. "మేం చెట్లకి పోశాం, గచ్చు కడగలేదు" అనేవాడు. అదీ నిజమే.

1921లో ఇద్దరు ఇంజనీర్లు, టిబెట్స్, కీఫర్, వాగుల మీద ఆనకట్టలు కట్టి వరద నీటిని ఆపి నెమ్మదిగా భూమిలోకి ఇంకించమని నివేదిక ఇచ్చారు. ఓటర్లు ఖర్చుకు జంకి కాదన్నారు. నా బావి ఇంకా ఎండలేదు కదా, నేనెందుకు కట్టాలి అన్నది వాదన. 1929లో ఎట్టకేలకు నీటి సంరక్షణ జిల్లా ఏర్పడింది. ఇంతలో ఎవరూ ఊహించనిది జరిగింది. 1912లో శాన్ హోజేలో సర్వేవాళ్ళు ఎత్తు కొలిచి గుర్తు పెట్టిన చోటును 1933 ప్రాంతంలో మళ్ళీ కొలిస్తే అది సుమారు నాలుగడుగులు కిందికి దిగి ఉంది. కొలత తప్పనుకుని మళ్ళీ కొలిచారు. తప్పు కాదు. ఊరికి ఊరే దిగింది. భూగర్భజలం తోడడం వల్ల నేల కుంగుతుందని అమెరికాలో మొదట గుర్తించిన చోటు ఇదే. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్మన్, భూగర్భ శాఖకు చెందిన పోలండ్ కలిసి 1940లో దాని కారణం వివరించారు.

ఆ కారణం బంకమట్టిలో ఉంది. నీటి ఒత్తిడి ఉన్నంతకాలం ఆ పొరలు పైబరువును మోస్తాయి. చుట్టూ ఉన్న కంకరలోంచి నీళ్ళు తోడేస్తే మట్టిలోని నీరు మెల్లగా బయటికి కారిపోయి పొర నొక్కుకుపోతుంది. తర్వాత కంకరలోకి మళ్ళీ నీళ్ళు వచ్చినా మట్టి తిరిగి పొంగదు. ఏళ్ళ తరబడి పడుకున్న దూది పరుపులాగ. పరుపైతే దూదేకులాయన వచ్చి ఏకి పోతాడు. ఈ మట్టిని ఏకేవాడు లేడు.

నేల దిగుతోందని తెలిశాక, కరువు కూడా తోడయ్యాక, 1934లో ఓటర్లు అప్పుకు ఒప్పుకున్నారు. 1935, 36లలో స్టీవెన్స్ క్రీక్, గ్వాడలూపే, ఆల్మడెన్, కలేరో, వాసోనా, కొయోటీ ఆనకట్టలు లేచాయి. వాగుల పక్కన ఇంకుడు చెరువులు తవ్వారు. మన చెరువుల మాదిరిగా పొలానికి పారించడానికి కాదు, కేవలం ఇంకించడానికే. అదృష్టం కొద్దీ వానలు కూడా బాగా పడ్డాయి. 1936 నుంచి 1943 దాకా నీటిమట్టం లేచింది, నేల కుంగడం ఆగింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాధ కలిగించేది ఈ ఏడేళ్ళే. రోగం ఏమిటో తెలిసింది, మందు పనిచేసింది. ఆ తర్వాత యుద్ధం ముగిసి ఇళ్ళ కరువు వచ్చింది.

1950లో శాన్ హోజే జనాభా 95 వేలు, విస్తీర్ణం 17 చదరపు మైళ్ళు. ఆ ఏడు నగర మేనేజరుగా వచ్చిన డచ్ హామన్ 1969 దాకా ఉన్నాడు. ఆయన విధానం ఊరికి కలుపుకుంటూ పోవడమే. రోడ్డు వెంబడి సన్నటి పట్టీలా పొలాల మధ్యకి హద్దు పొడిగించి, ఆ పట్టీకి రెండు వైపులా ఉన్నవాళ్ళని రమ్మనేవాడు. 1970కి జనాభా 4 లక్షల 46 వేలు, విస్తీర్ణం దాదాపు ఎనిమిది రెట్లు. తోట పక్కన ఇళ్ళు లేస్తే తోట నేలకీ ఇళ్ళ స్థలం విలువ కట్టి పన్ను వేసేవారు. ప్రూన్లు అమ్మి ఆ పన్ను కట్టడం ఎవడి తరం? సాగుభూమికి సాగు విలువ మీదే పన్ను వేసే విలియమ్సన్ చట్టం 1965లో వచ్చింది. అప్పటికి మా వీధికి ఎనిమిదేళ్ళ వయసు.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. ఎకరం తోట తాగే నీళ్ళూ, ఆ ఎకరంలో లేచిన ఇళ్ళూ వాటి పచ్చికా తాగే నీళ్ళూ ఈ వాతావరణంలో ఇంచుమించు సమానమే. ఆ లెక్కన తోట పోయి ఇల్లు వచ్చినందువల్ల నష్టం లేదనిపిస్తుంది. తేడా ఖర్చులో కన్నా జమలో ఉంది. తోటకి పారించిన నీటిలో కొంత వేళ్ళు దాటి మళ్ళీ కిందికి పోతుంది. కప్పు మీదా, రోడ్డు మీదా, కార్లు నిలిపే చోటా పడ్డ వాన గొట్టంలో పడి అఖాతానికి పోతుంది. వరదలొస్తున్నాయని వాగుల్లో చాలా భాగాలకు కాంక్రీటు గట్టారు. మళ్ళీ చెప్తున్నా, నీళ్ళింకేది ఆ వాగుల కంకరలోనే. పైగా, తోటకి నీళ్ళు లేని ఏడు రైతు పంట తగ్గించుకుంటాడు. ఊరికి అలాంటి ఏడు ఉండదు.

1964లో శాన్ హోజే నడిబొడ్డున నీటిమట్టం నేల నుంచి 235 అడుగుల లోతుకి పడిపోయింది. వందేళ్ళ కిందట పైకి పొంగిన నీళ్ళవి. 1969 నాటికి నేల మొత్తం మీద సుమారు 13 అడుగులు దిగింది. బావుల ఇనప గొట్టాలు లోపల నలిగిపోయాయి. వాగుల వాలు మారి కట్టలు ఎత్తు చేయాల్సి వచ్చింది. అఖాతం ఒడ్డున పదిహేడు చదరపు మైళ్ళ నేల సముద్రపు పోటు మట్టం కిందికి పోయింది.

ఆ ఒడ్డున ఆల్విసో అని చిన్న ఊరుంది. మా ఆఫీసు నుంచి పది నిమిషాలు. మధ్యాహ్నం నడకకి అక్కడికి వెళ్ళేవాళ్ళం. అక్కడి పడవల క్లబ్బు భవనానికి 1914 నాటి ఫొటో ఒకటుంది. అప్పుడది ఇంచుమించు నీటిమట్టానికి ఉంది. 1978 నాటి ఫొటోలో అదే భవనం కట్ట వెనకాల, సముద్రమట్టానికి పదడుగుల కింద. మొదటిసారి వెళ్ళినప్పుడు కట్ట ఎక్కి చూస్తే ఒక పక్క పడవలు పైనా, మరో పక్క ఇళ్ళు కిందా కనిపించాయి. 1983లో వరద వచ్చి ఆ ఊరు మునిగింది. చెప్పుకోవాల్సిందేమంటే, ఆల్విసోలో ఉండేది పెద్ద తోటల యజమానులు కాదు. ఎక్కువగా పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీల్లో, పొలాల్లో కూలి చేసుకునేవాళ్ళు. నీళ్ళు తోడింది ఒకచోట, కుంగింది మరోచోట.

నేల కుంగడం ఆగింది ఎలాగంటే, నీళ్ళు కొనుక్కుని. 1965 నుంచి ఉత్తరాన నదుల నీరు డెల్టా మీదుగా సౌత్ బే కాలువలో వచ్చింది. 1987లో కొండను తొలిచి శాన్ ఫెలిపే పథకం ద్వారా మరో వాటా తెచ్చారు. అలా వచ్చినదాన్ని కుళాయిల్లో వదిలి ఊరుకోలేదు. కొంత తీసుకెళ్ళి వాగుల్లోనూ ఇంకుడు చెరువుల్లోనూ పోసి భూమికి పెట్టారు. ఇంకో పని కూడా చేశారు, అదే నా దృష్టిలో అసలైన ధైర్యం. 1964 నుంచి బావి నీటి మీద రుసుము వేశారు. నీ బావే, నీ పంపే, నీ కరెంటే. అయినా తోడిన నీటికి లెక్క చెప్పి డబ్బు కట్టాలి. ఆ డబ్బుతో మళ్ళీ నీళ్ళు కొని ఇంకిస్తారు. 1969కి కుంగడం దాదాపు ఆగింది. నీటిమట్టం తిరిగి లేచింది. దిగిన పదమూడు అడుగులు మాత్రం దిగినట్టే ఉన్నాయి. పొరలు నొక్కుకుపోయి పోయిన చోటు ఇక రాదు.

దీన్ని విజయగాథగా చెప్తారు. నేనూ చాలా వరకు ఒప్పుకుంటాను. కానీ ఆ నీరు వేరే నదులది, వేరే చేపలది, వేరే రైతులదీ. మన కరువు ఏట వాళ్ళకీ కరువే. 1950లో కట్టిన ఆండర్సన్ ఆనకట్ట భూకంపానికి తట్టుకోదని 2020లో కేంద్ర అధికారులు ఖాళీ చేయించారు. జిల్లాలో అతి పెద్ద జలాశయం అదే. మరుసటి ఏడే కరువు వచ్చి నీటి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పచ్చిక ఎండిపోతున్నా ఊరుకోమన్నారు.

ఇక మా వృత్తి చేసిన ఘనకార్యం. చిప్పుల పరిశ్రమకు పొగ గొట్టాలుండవు, శుభ్రమైనదని అందరూ మురిశారు. 1981 చివర్లో దక్షిణ శాన్ హోజేలో ఫెయిర్‌చైల్డ్ ఫ్యాక్టరీ భూమిలో పెట్టిన ట్యాంకు నుంచి రసాయనం కారి ఊరు తాగే బావిలో కలిసిందని బయటపడింది. వెతికిన కొద్దీ ఇలాంటివి దొరికాయి. కేంద్రం 'సూపర్‌ఫండ్' జాబితాలోకెక్కిన కలుషిత స్థలాలు ఈ ఒక్క జిల్లాలో 23. దేశంలో మరే జిల్లాలోనూ అన్ని లేవు. నేను ఏళ్ళ తరబడి పనిచేసిన భవనానికి రెండు వీధుల అవతల నేలలోంచి నీళ్ళు తోడి శుద్ధి చేసే యంత్రం ఒకటి రాత్రీ పగలూ గుంయ్‌మంటూ ఉండేది. అదేమిటని నేను పదేళ్ళు అడగలేదు.

సన్నీవేల్ నగరం పది ఎకరాల ఏప్రికాట్ తోటను గుర్తుగా ఉంచుకుంది. మా పిల్లలను అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళం. అంతకంటే పెద్ద పని 2019లో జరిగింది. శాన్ హోజేకి దక్షిణాన కొయోటీ లోయలో 937 ఎకరాల పొలాన్ని, ఒకప్పుడు పెద్ద పెద్ద కంపెనీల క్యాంపసులకని అనుకున్న నేలని, నగరమూ రెండు భూసంరక్షణ సంస్థలూ కలిసి 93 మిలియన్ డాలర్లు పెట్టి కొన్నాయి. వరద పారడానికీ, జంతువులు తిరగడానికీ, నీళ్ళు ఇంకడానికీ. ఎకరానికి దాదాపు లక్ష డాలర్లు. ఏమీ కట్టకుండా ఉండడానికి. 1955లో మా పక్కింటాయన నాన్నకి ఈ ధర ఎవరూ ఇవ్వజూపలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా తమ్ముడి ఫోను.

మాది శంకర్‌పల్లి దాటాక ఒక ఊరు. 1996లో నేను ఇక్కడికి వచ్చేటప్పటికి హైదరాబాదు మాకు బస్సులో రెండు గంటల దూరం. ఆ సంవత్సరమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు నీరొచ్చే 84 ఊళ్ళలో పెద్ద కట్టడాలు వద్దని 111 జీవో వచ్చింది. మా ఊరు ఆ జాబితాకు కొంచెం అవతల. జాబితాలో ఉన్న చుట్టాలు పాతికేళ్ళు మమ్మల్ని చూసి కుళ్ళుకున్నారు. 2022లో 69వ జీవోతో ఆ ఆంక్షలు సడలిస్తామన్నారు, కమిటీలన్నారు, కోర్టుల దాకా వెళ్ళింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక నగరం పడమటికి నడవడం మొదలుపెట్టి, మా దాకా వచ్చేసింది.

మా నాలుగెకరాల్లో నాయిన తవ్వించిన బావి ఉంది. ఎనిమిది గజాల లోతు, రాతి కట్టుబడి. పైన కుంట నిండితే బావిలో ఊట లేచేది. మా నేల శాంటా క్లారా లాంటిది కాదు. కింద గ్రానైటు. పైన కొద్దిగా చివికిన రాతి పొర, ఆ కింద పగుళ్ళు. నీళ్ళుండేది అంతే. అందుకే మా దగ్గర నేల కుంగదు. కుంగితే కనీసం సర్వేవాడి కంటికైనా పడుతుంది. రాతి నేల ఏ సంకేతమూ ఇవ్వకుండా ఎండిపోతుంది. తొంభైల్లో అందరితో పాటు నాయినా బోర్లు వేశాడు. వరి వేశాడు. పన్నెండు బోర్లలో నాలుగు పడ్డాయి, రెండు నిలిచాయి, బావి ఎండింది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఇక్కడ తోడినదానికి రుసుము, అక్కడ తోడడానికి కరెంటు ఉచితం. నేను ఉచిత కరెంటును తప్పుపట్టలేను. అప్పు తీరక మా ఊళ్ళో మందు తాగినవాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు. కానీ తోడినదాన్ని తిరిగి పెట్టేవాడెవడు అన్న ప్రశ్నకి మాత్రం అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఇంకుడు గుంతలు తవ్వాలని ఉంది. హైదరాబాదు కూడా 2004లో నాగార్జునసాగర్ నుంచీ, 2015లో గోదావరి నుంచీ వంద కిలోమీటర్లకు పైగా నీళ్ళు తెచ్చుకుంది. శాన్ హోజే చేసినట్టే. ఆ నీళ్ళలో కొంత భూమికి పెట్టడమొక్కటే ఆ పద్ధతిలో రాలేదు.

"అన్నా, ఇంక దాన్ల ఏముందే? ఎవుసం చేసేటోళ్ళు లేరు, నీళ్ళు లేవు. లేఔటోళ్ళు మంచి రేటు చెప్తున్నరు. నువ్వు జీపీఏ పంపు" అన్నాడు తమ్ముడు. వాడి మాటలో తప్పేం లేదు. పొలం కాసిందీ, నాయినని చివరిదాకా చూసిందీ వాడు. నేను పండగలకి ఫోను చేసినవాణ్ణి. పైగా తోట నరికి కట్టిన ఇంట్లో కూర్చుని వాడికి పొలం అమ్మొద్దని చెప్పే ముఖం నాకు లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో కాన్సులేటులో సంతకం చేసి పంపాను. అమ్మకపు దస్తావేజు నకలు వచ్చినప్పుడు చదివాను. రాయించిన పెద్దమనిషి పాత పద్ధతివాడులా ఉంది, నిధి, నిక్షేప, జల, తరు, పాషాణాలంటూ అష్టభోగాలూ వరసగా రాసి సర్వహక్కులతో అమ్మినట్టు పెట్టాడు. మూడోది జలం. దానికి విడిగా ధరేమీ లేదు.

ఒక్కటి అడిగాను తమ్ముణ్ణి. లేఔటులో పార్కుకి ఎలాగూ కొంత స్థలం వదలాలి కదా, ఆ స్థలం బావి దగ్గర ఉంచమని చెప్పు, కుంట నీళ్ళు ఆ బావిలోకి మళ్ళిస్తే కింద పగుళ్ళలోకి పోతాయి అని. లైబ్రరీలో ఇరవయ్యేళ్ళు చదివినదాన్ని ఫోనులో ఇరవై నిమిషాలు చెప్పాను. "అడుగుతనే" అన్నాడు. అడిగాడు కూడా. రెండు వారాల తర్వాత ప్లాను ఫొటో పంపాడు. పార్కు ఈశాన్యంలో ఉంది. బావి ఉన్నది నైరుతిలో. నైరుతిలో బావి ఉన్న లేఔటులో ప్లాట్లు ఎవరూ కొనరని వాస్తు పంతులు చెప్పాడట. పూడ్చడానికి పదిహేడు టిప్పర్ల మట్టి పట్టిందన్నాడు తమ్ముడు.